నేల వేడి, నులిపురుగు

గోధుమ గిడసబారి పసుపు తిరిగితే రాజస్థాన్ రైతులు మోల్యా అంటారు. కారణం వేళ్లలోని నులిపురుగు. మన దేశంలో దీన్ని 1958లో సీకర్ ప్రాంతంలో గుర్తించారు.

దీని బతుకంతా నేల వేడి మీదే నడుస్తుంది. ఎండాకాలమంతా గుడ్లు తిత్తిలో నిద్రపోతాయి. నేల చల్లబడితేనే పొదుగుతాయి. సరిగ్గా అప్పుడే గోధుమ మొలకెత్తుతుంది! ఏడాదికి ఒకే తరం.

మన వరి వేరుముడి నులిపురుగు తీరు వేరు. దానికి వెచ్చని నేల కావాలి. వెచ్చగా ఉంటే ఇంచుమించు నెలకే కొత్త తరం. వేళ్ల చివర్లు కొక్కేల్లా వంగి ముడులు కడతాయి. మెట్ట నారుమళ్లకు ముప్పు ఎక్కువ.

వెచ్చదనం వేరు, మండుటెండ వేరు. మండుటెండ రెండింటికీ శత్రువే. మే నెలలో లోతుగా దున్ని మట్టి తిరగేస్తే పురుగు బాగా తగ్గుతుంది.

రైతన్నలారా, ఆ ఎండ వేడి మట్టిలో నిలిచేలా వేసవిలో నారుమడిని తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, మూడు నాలుగు వారాలు ఉంచండి.