ద్రాక్షతోట, సముద్రపు గాలి, పనివాని చేయి
(శతవార్షిక సభలలో చేసిన ప్రసంగ పాఠము)



బైబిలు చదివే తెలుగువారికి ద్రాక్షతోట అనగానే యూదయ కొండలు జ్ఞాపకము వస్తాయి. చుట్టూ కంచె, నడుమ బురుజు, రాతిలో తొలిచిన తొట్టి మనకు తెలిసినవే. ఈ పూట మిమ్మును మరొక ద్రాక్షతోటకు తీసుకొని పోదలచాను. అది ఆఫ్రికా ఖండపు దక్షిణపు కొసన, గుడ్‌హోప్ అగ్రము దగ్గర, సముద్రము ఒడ్డున ఉన్నది. ఆ తోటకూ మన తీరానికీ ఒక సంబంధమున్నది. దానిని క్రమముగా మనవి చేస్తాను.

ఆ రోజులలో హాలండు నుండి తూర్పు దేశాలకు ఓడ ప్రయాణమంటే నెలల తరబడి సాగేది. పీపాలలో నీళ్ళు పాడయ్యేవి. పచ్చికూర, పండు లేక నావికులు స్కర్వీ వ్యాధితో చనిపోయేవారు. నడిదారిలో నీళ్ళు, కూరగాయలు, మాంసము అందించడానికి డచ్ ఈస్టిండియా కంపెనీ 1652లో యాన్ వాన్ రీబెక్‌ను అక్కడికి పంపింది. 1655లో ఆయన ద్రాక్షతీగలు నాటించాడు. 1659 ఫిబ్రవరి 2న కేపు ద్రాక్షపండ్లతో మొదటిసారి రసము తీసి, దేవునికి స్తోత్రము చెప్పుకొంటూ ఆ సంగతి దినచర్యలో వ్రాసుకొన్నాడు. ద్రాక్షారసము స్కర్వీని తగ్గించదని నేడు మనకు తెలుసు. దానికి నిమ్మ, నారింజ వంటివి కావాలి. అయితే ఓడలో నీటికంటె ద్రాక్షారసము ఎక్కువ కాలము నిలిచేది.

సముద్రపు ఒడ్డయినంత మాత్రాన ద్రాక్ష బాగుగా పండదు. మన కోస్తాలో వానలు ఎండాకాలము వెనుకనే వస్తాయి. గాలిలో ఉక్క ఎక్కువ. కేపులో వాన శీతకాలములో పడుతుంది, కాయ పండే వేసవి పొడిగా ఉంటుంది. దక్షిణము నుండి వచ్చే బెంగేలా అనే చల్లని ప్రవాహము పడమటి తీరము వెంబడి పారుతుంది. ఫాల్స్ బే అనే అఖాతము మీదుగా వేసవిలో ఆగ్నేయపు గాలి బలముగా వీస్తుంది. ఊరిలోని దుమ్మును, చెడు గాలిని ఊడ్చుకొని పోతుందని దానికి ‘కేపు డాక్టరు’ అని పేరు పెట్టారు. ఆ గాలి ఆకుల తడి ఆర్చి బూజు తెగులును తగ్గిస్తుంది. ఎండ వేడిమిని అణచుతుంది. కాయ నిదానముగా పండుతుంది గనుక తీపి వచ్చినా పులుపు పూర్తిగా పోదు. ఆ గాలే హద్దు మీరితే లేత కొమ్మలను విరిచి పూతను రాల్చుతుంది.

ఈ గాలి తగిలే కొండవాలున 1685లో సైమన్ వాన్ డెర్ స్టెల్ అనే అధికారి కాన్‌స్టాన్షియా అనే తోటను సంపాదించుకొన్నాడు. ఆయన అమ్మమ్మ మోనికా అనే భారతదేశపు దాసి అని చరిత్రకారులు చెబుతారు. అదే 1685లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ నాంట్ శాసనమును రద్దు చేశాడు. ప్రొటెస్టంటు విశ్వాసము మూలముగా నిలువ నీడ లేకపోయిన హ్యూగెనోలు దేశము విడిచి చెదరిపోయారు. వారిలో సుమారు 200 మంది 1688 నుండి కేపుకు చేరారు. పియేర్ సిమోన్ అనే కాపరి వారితో వచ్చాడు. వారిలో కొందరికి ద్రాక్ష సాగు తెలుసు. వారు స్థిరపడిన లోయకు ఫ్రాన్షుక్, అనగా ఫ్రెంచివారి మూల, అని పేరు నిలిచింది.

తరువాత 1778లో హెండ్రిక్ క్లూటె కాన్‌స్టాన్షియా తోటను కొని బాగు చేశాడు. మస్కట్ జాతి పండ్లను తీగమీదనే వాడనిచ్చి తీసిన తియ్యని రసము ఐరోపా రాజుల బల్లలమీదికి ఎక్కింది. సెయింట్ హెలీనా ద్వీపములో బందీగా ఉన్న నెపోలియనుకు కూడ అది వెళ్ళేది.

ఇంత పేరు తెచ్చిన తోటను త్రవ్వినదెవరు? పండు కోసినదెవరు? తొట్టి త్రొక్కినదెవరు? 1652కు, 1808కి నడుమ సుమారు 63 వేలమంది దాసులను కేపుకు తెచ్చారని ఒక లెక్క. ఆఫ్రికా, మడగాస్కరు, ఇండోనేషియా దీవులు, మన భారతదేశము, సింహళము వారి జన్మభూములు. మచిలీపట్నము, పులికాట్ మొదలైన రేవులలో ఆ కంపెనీకే కొఠీలుండేవి. అమ్మానాన్నలు పెట్టిన పేరు తీసివేసి, ‘బెంగాలు నుండి’, ‘కోరమాండల్ నుండి’ అనే మాటలు తగిలించి దాసులను లెక్కలలో వ్రాసుకొన్నారు. నేను చెప్పెదనన్న సంబంధము ఇదే. హింసను తప్పించుకొని వచ్చిన విశ్వాసులలోనే కొందరు ఈ దాసుల కష్టము మీద తోటలు పెంచుకొన్నారు. ఈ సంగతి మనకు గట్టి హెచ్చరిక.

1834 డిసెంబరు 1న దాస్యము చట్టరీత్యా రద్దయినది. అయినా అప్రెంటిస్ అనే పేరుతో 1838 వరకు వారిని కట్టివేశారు. అటు తరువాత కూడ ‘డాప్’ అనే పద్ధతి పోలేదు. కూలిలో కొంత భాగము మద్యముగా ఇచ్చేవారు, దినములో పలుమార్లు పోసేవారు. చట్టము కాదన్న తరువాత కూడ చాలాకాలము ఇది సాగింది. తల్లి త్రాగిన మద్యము వలన గర్భములోనే దెబ్బతిన్న బిడ్డలు ప్రపంచములో అత్యధికముగా కనబడే ప్రాంతాలలో ఆ ద్రాక్షసీమ నేటికీ ఒకటి.

ఇది దూరదేశపు కథ అనుకొనకండి. కూలి డబ్బు ఇల్లు చేరకముందే సారా దుకాణానికి పోయే బాధ మన తల్లులకు తెలియదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరగబడినది ఆ బాధతోనే. వారి పోరాటము రాష్ట్రమంతా ప్రాకి, 1993లో సారా నిషేధమునకు దారితీసింది.

ప్రభువు బల్లయొద్ద మనము పుచ్చుకొనే పాత్రలో కొన్ని సంఘాలలో ద్రాక్షారసము, కొన్నింట ఎండుద్రాక్ష కాచిన రసము ఉంటుంది. ఆ రెంటిలో ఏది తగును అని వాదించుటలో మనము చాలాకాలము గడిపాము. నాబోతు తోటను అన్యాయముగా తీసుకొన్న అహాబు కథ చదివిన మనము మరొక ప్రశ్న కూడ వేసుకోవాలి. ఈ పండు కోసిన చేతికి తగిన కూలి ముట్టినదా? మన పొలములో కలుపు తీసిన చేతికి, మన బడి ఊడ్చిన చేతికి, మన గుడి గోడ కట్టిన చేతికి ముట్టినదా? నూరేండ్ల పండుగ చేసుకొనే డయాసిస్ ఈ ప్రశ్నను మొదట తన లెక్కల పుస్తకము తెరచి వేసుకోవాలని మనవి చేస్తున్నాను.