సిగ్గు చాటున దాగే బాధ
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడి పంతుల్ని. అయినా మన ఇళ్లల్లో ఎవరూ నోరు విప్పి చెప్పుకోని ఒక బాధ గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

కిందటేడు మా ఆపాకు గర్భసంచి తీసేశారు. పెద్ద కోత లేదు. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాపరోస్కోపీ ఆపరేషన్. మర్నాడే ఇంటికి పంపారు. మేమంతా ప్రేమకొద్దీ ఆమెను మంచం దిగనివ్వలేదు. గంజి, పాలు తప్ప పెట్టలేదు. నాలుగు రోజులు విరేచనం కాలేదు. తమ్ముడితో ఎలా చెబుతుంది? అయిదో రోజు నొప్పితో మెలికలు తిరిగిపోతే ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ మందిచ్చి, "ఆమె చెప్పలేదు సరే, మీరెవరూ అడగలేదా మాస్టారూ?" అన్నది. తల వంచుకున్నాను.

కోత చిన్నదైనా లోపలి పని పెద్దదే. మత్తుమందు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు పేగుల కదలికను మందగింపజేస్తాయి. రక్తం తక్కువని ఇచ్చే ఐరన్ బిళ్లలతోనూ మలం గట్టిపడవచ్చు. తిండి, నీళ్లు తగ్గి, కదలకుండా పడుకుంటే చెప్పనక్కరలేదు. ముక్కితే లోపలి కుట్ల మీద భారం పడుతుంది.

కనుక డాక్టరు సరేనన్న వెంటనే లేచి ఇంట్లో నాలుగడుగులు వేయాలి. కొద్దికొద్దిగా నీళ్లు తాగుతుండాలి. తిండి సయించాక పప్పు, ఆకుకూర, బొప్పాయి, నానబెట్టిన అంజీర్ తినాలి. వచ్చినప్పుడు ఆపుకోరాదు. కమోడ్ మీద కూర్చుంటే పాదాల కింద చిన్న పీట వేసుకోవాలి. మలం మెత్తబడే మందు ఇంటికి వచ్చేముందే అడిగి రాయించుకోవాలి. ఇసబ్‌గోల్ కూడా డాక్టరును అడిగే వాడాలి, నీళ్లు సరిపడా తాగకపోతే అదే అడ్డుపడుతుంది. జమాల్‌గోటా జోలికి అసలు పోవద్దు. రంజాన్ నెలైతే, రోగి ఉపవాసాలను తర్వాత తీర్చుకునే వెసులుబాటు మన ధర్మంలోనే ఉంది.

మూడు రోజులైనా కాకపోతే డాక్టరుకు చెప్పండి. పొట్ట ఉబ్బినా, వాంతులైనా, జ్వరం వచ్చినా, గాలి కూడా పోకపోయినా, నొప్పి పెరుగుతున్నా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లండి.

హయా గొప్ప గుణమే. కాని డాక్టరు దగ్గర మౌనంగా ఉండటం హయా కాదు. సోదరులారా! మన ఆడవాళ్లు చెప్పేదాకా ఆగకండి. మీరు అడగలేకపోతే ఇంట్లో పెద్దామె చేత అడిగించండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.