నాలుక మీద పుండు: రెండు వారాల లెక్క

(కోకాపేటలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వారు మమ్మల్ని చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువు గురించి హాస్టల్లో రోజూ చెబుతూనే ఉన్నాం, మా పిల్లలు విని విని విసిగిపోయారు కూడా. అందుకే ఈసారి విషయం మార్చుకుంటామని అడిగాం. నాలుకకు వచ్చే క్యాన్సర్ గురించి మాట్లాడతాం. మేము డాక్టర్లం కాదు. బీఈడీ చదివి, దాదాపు ఇరవై ఏళ్లుగా గిరిజన హాస్టళ్లలో పిల్లల్ని చూసుకుంటున్నవాళ్లం. డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నదీ, చదివిందీ, మా పిల్లల ఇళ్లలో చూసిందీ చెబుతాం.

ఈ మాట కోకాపేటలోనే ఎందుకంటే, 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్‌లో ఎకరం భూమి 100 కోట్ల రూపాయలు దాటి వేలం పోయింది. ఆ భూమి మీద లేస్తున్న టవర్లకు కంకర, ఇసుక మోస్తున్నవాళ్లలో పాలమూరు, దేవరకొండ వైపు తండాల వాళ్లున్నారు. పక్కనే ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లలోనూ మన పిల్లలున్నారు. ఈ ఇద్దరూ రోజూ కలిసే చోటు ఒకటే, పాన్ డబ్బా. ఒకరు ఎండలో ఆకలి తెలియకుండా గుట్కా వేసుకుంటారు. ఇంకొకరు నైట్ షిఫ్టులో నిద్ర రాకుండా సిగరెట్ వెలిగిస్తారు. నోటికి ఈ తేడా తెలియదు.

మన దేశంలో మగవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా వస్తున్నది నోటి క్యాన్సరే. పెదవులు, బుగ్గలు, చిగుళ్లు, నాలుక అన్నీ అందులోకే వస్తాయి. పొగాకు ఎక్కడ నిలిస్తే అక్కడ రోగం మొదలవుతుంది. ఈ సంగతిని ప్రపంచానికి చూపించిన చోట్లలో మన తెలుగు నేల ఒకటి. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. 1960ల్లో దేశంలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు, 1969లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. తర్వాత 1971లో, ఆంధ్రలో అడ్డపొగ అలవాటు మీద 10,169 మందిని చూసి రాసిన ఇంకో అధ్యయనం వచ్చింది. నిప్పు తగిలే అంగిలి మీదే వాళ్లకు మచ్చలు, పుండ్లు. దవడలో పొగాకు దాచుకునేవాళ్లకు బుగ్గలో. ఆ రసం ఊరి నాలుక పక్కన నిలిచేవాళ్లకు నాలుక అంచు మీద.

మన ముసలమ్మల నడుముకు అద్దాలు కుట్టిన చిన్న సంచి ఉంటుంది, చూసే ఉంటారు. అందులో ఆకు, వక్క, సున్నం, పొగాకు ముక్క. ఆ సంచి అందం గురించి ఎవరైనా ఫోటోలు తీసి పెడతారు, లోపల ఉన్నదాని గురించి ఎవరూ మాట్లాడరు. సున్నం నోటి లోపలి పొరను కాలుస్తుంది, పొగాకులోని నికోటిన్ తొందరగా ఒంట్లోకి ఎక్కేలా చేస్తుంది. పొగాకు లేకుండా వట్టి వక్క అయితే ఏమీ కాదంటారు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వట్టి వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని 2003లోనే తేల్చింది. వక్క ఎక్కువగా నమిలేవాళ్లకు బుగ్గల లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్లు నిలువుగా పెడితే నోట్లో పట్టాలి. పట్టకపోతే అది కూడా చూపించుకోవాల్సిన విషయమే. ఇక పొగాకుకు సారా గానీ బీరు గానీ తోడైతే ప్రమాదం కూడిక లెక్కలో కాదు, గుణకారం లెక్కలో పెరుగుతుంది.

ఒక మాట మరచిపోవద్దు. ఏ అలవాటూ లేనివాళ్లకూ, ఆడపిల్లలకూ, చిన్న వయసువాళ్లకూ నాలుక క్యాన్సర్ వస్తుంది, కొద్దిమందికే అయినా వస్తుంది. నాలుక వెనక భాగంలో, గొంతు దగ్గర వచ్చే రకానికి హెచ్‌పీవీ అనే వైరస్ కూడా కారణమవుతుంది. కాబట్టి పుండు కనబడగానే "మా నాయనకు ఏ అలవాటూ లేదు, అది అయి ఉండదు" అనుకుని వదలొద్దు. "ఎన్ని చేశాడు, వస్తే రాదా" అని తిట్టను కూడా తిట్టొద్దు. తిట్టినందువల్ల రోగి నోరు దాచుకుంటాడు తప్ప దవాఖానకు రాడు.

ఇప్పుడు అసలు సంగతి. నోటిపూత అందరికీ వస్తుంది. చిన్నగా, గుండ్రంగా, అంచున ఎర్రగా ఉంటుంది. కారం తగిలితే ప్రాణం పోతుంది. వారం, పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో మానిపోతుంది. మళ్లీ వచ్చినా ఇంకో చోట వస్తుంది. క్యాన్సర్ పుండు నడక వేరు. వచ్చిన చోటే ఉంటుంది, అంచులు లేచి ఉంటాయి, వేలితో తాకితే కింద గట్టిగా తగులుతుంది, ముట్టుకుంటే రక్తం రావచ్చు. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. మనల్ని మోసం చేసేది ఈ నొప్పి లేకపోవడమే. నొప్పి ఉన్న నోటిపూతకు పదిమందికి చెప్పి మందు అడుగుతాం, నొప్పి లేని పుండును నెలల తరబడి నోట్లో పెట్టుకుని తిరుగుతాం.

ఎక్కువగా వచ్చేది నాలుక పక్క అంచుల మీద. అద్దంలో నాలుక చాపి చూస్తే పైభాగమే కనబడుతుంది, అంచు కనబడదు. తెల్లటి మచ్చ తుడిచినా పోకపోతే దాన్ని డాక్టర్లు ల్యూకోప్లేకియా అంటారు. అది క్యాన్సర్ కాదు, కానీ కొందరిలో ఆ దారి పడుతుంది. ముఖమల్ లాగా మెత్తగా, ఎర్రగా ఉన్న మచ్చ తెల్లమచ్చ కన్నా ప్రమాదకరం. ఇవి కాక నాలుక ఒక పక్క మొద్దుబారడం, కదపడం కష్టం కావడం, మింగితే నొప్పి, కారణం లేకుండా ఒకవైపు చెవిపోటు, కారణం లేకుండా పళ్లు కదలడం, మెడలో గట్టిగా గడ్డ. చెవిపోటు సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాం, ఎందుకంటే చెవిలో మందు చుక్కలు వేసుకుంటూ కాలం గడిపేవాళ్లున్నారు. నాలుకకూ చెవికీ నరాల సంబంధం ఉంది. నాలుకలో నొప్పి చెవిలో తెలుస్తుంది.

భయపడాల్సిన అవసరం లేనివీ చెబుతాం, లేకపోతే రేపు మీలో సగం మంది నిద్ర పోరు. నాలుక వెనక వరసగా పెద్ద బుడిపెలు ఉంటాయి, అవి అందరికీ ఉండేవే. కొందరి నాలుక మీద మ్యాపు గీసినట్టు మచ్చలుండి రోజుకో చోటికి మారుతుంటాయి, దానివల్ల హాని లేదు.

మా హాస్టల్లో పదో తరగతి చదువుతున్న ఒక పాప సంగతి. వాళ్ల బాపు ఈ చుట్టుపక్కలే ఒక సైటులో మేస్త్రీ దగ్గర పనిచేసేవాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఒక ఆదివారం ఫోన్ పెట్టేశాక పాప మా దగ్గరికి వచ్చి, "మేడం, బాపు మాట ముద్దగా వస్తుంది, తాగలేదంట" అంది. అడిగితే, నాలుక పక్కన సున్నం కాలిన పుండు ఉందన్నాడు, ఐదు నెలలుగా నెయ్యి రాస్తున్నాడట, మెడికల్ షాపులో ఇచ్చిన బీ-కాంప్లెక్స్ గోలీలు మింగుతున్నాడట. దవాఖానకు పోతే రోజు కూలీ పోతుంది. ఆ తర్వాత పరీక్ష కోసం ముక్క తీస్తామంటే తప్పించుకుని రెండు వారాలు తండాకు వెళ్లిపోయాడు, కత్తి తగిలితే పాకుతుందని ఎవరో చెప్పారట. పాప ఏడ్చి, అన్నం మానేసి వెనక్కి రప్పించింది. నాలుకలో కొంత భాగం తీసి, ముంజేతి చర్మం తెచ్చి అతికించారు. మెడలోని గడ్డలూ తీశారు, రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడూ ఫోన్ చేస్తాడు. 'ర' పలకదు, 'ల' సరిగా పలకదు. పాపకు మాత్రం అన్నీ అర్థమవుతాయి.

ముక్క తీస్తే పాకుతుందన్న మాట తండాల్లోనూ వింటున్నాం, గేటెడ్ కమ్యూనిటీల్లోనూ వింటున్నాం. అది నిజం కాదు. బయాప్సీ లేకుండా అది క్యాన్సరో కాదో ఎవరూ తేల్చలేరు, వైద్యం మొదలుపెట్టలేరు. పాకేది ఆలస్యం వల్ల. నాలుక ఎప్పుడూ కదులుతుండే కండ, అందులోంచి మెడ గ్రంథులకు దారులు ఎక్కువ, అందుకే తొందరగా మెడలోకి దిగుతుంది. రెండు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు చిన్న ఆపరేషన్‌తో చాలామంది పూర్తిగా బాగవుతారు, మాట కూడా మిగులుతుంది. పదునైన పన్ను ఒరుసుకుని పుండు పడ్డా డెంటల్ డాక్టర్ ఆ పన్ను అరగదీస్తారు. తర్వాత రెండు వారాల్లో మానకపోతే ముక్క పరీక్షే దారి.

చూడటానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి వెలుతురులో నోళ్లు చూశారు. 2005లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు సుమారు మూడో వంతు తగ్గాయి. మన దగ్గరా ఏఎన్ఎంలు, ఆశాలు నోటి పరీక్ష చేస్తారు, కాకపోతే ఆ కార్యక్రమం 30 ఏళ్లు నిండినవాళ్లకు. పద్నాలుగేళ్లకే గుట్కా మొదలుపెట్టిన పిల్లాడు ముప్ఫై వచ్చేదాకా ఆగాలా? అందుకే మీరే చూడాలి. చేతులు కడుక్కోండి. ఫోన్ టార్చ్ వేయండి. శుభ్రమైన గుడ్డతో నాలుక కొస పట్టుకుని ఒక పక్కకు లాగి అంచు చూడండి, తర్వాత రెండో పక్క. నాలుక పైకెత్తించి కింద చూడండి. బుగ్గల లోపల, అంగిలి చూడండి. వేలితో తాకి గట్టిదనం ఉందేమో చూడండి. దవడ కింద, మెడ రెండు పక్కలా తడమండి. రెండు నిమిషాల పని. నెలకోసారి చాలు.

అనుమానం ఉంటే బస్తీ దవాఖానాకో, కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రికో, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో పోండి. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఉంది, 1955 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెరిగింది, క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ముందే తీసిపెట్టుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. ఇది మా అనుభవం.

గుట్కా సంగతి ప్రభుత్వం చూడాలి కదా అంటారు. 2024 మేలో ఏడాది కాలానికి నిషేధం ఉత్తర్వు మళ్లీ ఇచ్చారు. అమ్మేవాళ్లు పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో పెట్టి అమ్ముతున్నారు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. 2003 చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్ల లోపు పిల్లలకు ఎక్కడా అమ్మకూడదు. మీ కాలేజీ గేటు నుంచి డబ్బా దాకా ఒకసారి అడుగులు లెక్కపెట్టండి. మానాలనుకునేవాళ్లకు 1800 11 2356 ఉచిత నంబరు, పొగాకు పొట్లాల మీదే ముద్రించి ఉంటుంది. నంబరు చదవడానికి ఇంకో పొట్లం కొనకండి.

మన గోర్ బోలీకి సొంత లిపి లేదు. తీజ్ పాటలు, పెళ్లి పాటలు, అమ్మమ్మల కథలు అన్నీ నాలుకల మీదే ఉన్నాయి. పాటలు ఎక్కువ తెలిసినవాళ్లే వయసు పైబడ్డవాళ్లు, ఆ సంచి నడుముకు కట్టుకున్నవాళ్లు. పండక్కి తండాకు వెళ్లినప్పుడు వాళ్ల పాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నారు, చాలా మంచి పని. రికార్డింగ్ అయ్యాక అదే ఫోన్‌లో టార్చ్ వేసి, "యాడీ, ఒకసారి నోరు తెరు" అనండి.

సంఘం వారికి ఒక మనవి. భోజనాల తర్వాత కిళ్లీ పళ్లెం సిద్ధంగా ఉందని వచ్చేటప్పుడు చూశాం. మర్యాద కోసం పెట్టారని తెలుసు. సోంపు, పటికబెల్లం పెడితే మర్యాదకు తక్కువేమీ కాదు.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి, పక్కవాళ్ల వైపు తిరగండి. మేము కిందికి దిగి వస్తున్నాం. ఎలా చూడాలో తెలియనివాళ్లు ముందు మా నోరు చూసి నేర్చుకోండి.