ఓడలు కట్టే చేతులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నౌకాదళానికి కొత్త ఓడల్ని, జలాంతర్గాముల్ని ఎలా ఎంచుకుంటారో, ఎలా కడతారో మన పిల్లలకి అర్థమయ్యేలా చెప్పు" అని సంఘం కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నా ఉద్యోగమంతా ఓడల నిర్మాణంలోనే గడిచింది. అందులోనూ ఎక్కువ కాలం ఉక్కు పలకల అతుకుల్ని తనిఖీ చేసే పనిలో ఉన్నాను. కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెబుతాను.

నేను మొదట చూసిన ఓడల కార్ఖానా భావనపాడు ఇసుక దిబ్బ. వేసవి సెలవులకి చుట్టాలింటికి వెళ్తే అక్కడ ఇద్దరు ముసలివాళ్లు పడవ కుడుతూ కనిపించేవారు. కుట్టడమనే మాట సరదాకి అనడం లేదు. పలకలకు అంచుల్లో కన్నాలు పెట్టి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి బిగించి కుట్టేవారు. ఒక్క మేకు ఉండేది కాదు. పుస్తకాల్లో దాన్ని మసూలా పడవ అంటారు. మేకులు కొట్టి బిగించిన పడవైతే మన ఒడ్డున కెరటం ఎత్తి ఇసుక మీద పడేస్తే అతుకుల దగ్గర విరుగుతుంది. కుట్టు పడవ కాస్త వంగి, మళ్లీ తేరుకుంటుంది. అలివి వల వేయడానికి రోజూ కెరటం దాటాలి కాబట్టి ఆ పడవ. లోపలికి వెళ్లి గేలం వేయడానికి తెప్ప. ముందు సముద్రాన్ని, పనిని చూసుకుని తర్వాత పడవని ఎంచుకున్నారు.

నౌకాదళం చేసేదీ అదే. ఏ సముద్రంలో తిరగాలి, రేవుకి రాకుండా ఎన్ని రోజులుండాలి, ఎంత వేగం కావాలి, ఎవర్ని ఎదుర్కోవాలి అని ముందు కాగితం మీద రాసుకుంటుంది. అక్కడి నుంచి బేరం మొదలవుతుంది. వేగం పెంచితే ఇంజన్ల బరువు పెరుగుతుంది. ఇంధనం ఎక్కువ పెడితే ఆయుధాలకి చోటు తగ్గుతుంది. అన్నీ కావాలంటే ఖర్చు ఆకాశానికి పోతుంది. జలాంతర్గామికి ఇంకో చిక్కుంది. డీజిల్‌తో నడిచేది నీటి అడుగున బ్యాటరీల మీద నడుస్తుంది. వాటిని మళ్లీ నింపుకోవడానికి పైకి గాలి గొట్టం ఎత్తాలి, అప్పుడు శత్రువు కంటపడే ప్రమాదం. అణుశక్తితో నడిచే దానికి ఆ అవసరం లేదు గాని, దాన్ని కట్టగల దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

భౌతికశాస్త్రం మాస్టారు చెప్పిన పీడనం పాఠం గుర్తుందా? ప్రతి పది మీటర్ల లోతుకి చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. రెండు వందల మీటర్ల లోతులో జలాంతర్గామి ఒంటి మీద ప్రతి చదరపు మీటరునీ దాదాపు రెండు వందల టన్నుల నీరు నొక్కుతుంది. ఆ బరువు మోసేది ఉక్కు పలకలూ, వాటి మధ్య అతుకులూ. అతుకు వేసేది ఒక మనిషి చెయ్యి.

ఆ చెయ్యి గురించి ఒక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వెల్డర్ ఉండేవాడు. టెక్కలి వైపు మనిషి. నా మాట వినగానే "మనూరి గుంటడే" అని చేరదీశాడు. ఒక వానాకాలం ఆయన మందపాటి పలకల మీద అతుకు వేశాడు. మర్నాడు ఎక్స్‌రే ఫిలిం చూశాను. మచ్చ లేదు. సంతకం పెట్టబోతుంటే ఆయనే వచ్చాడు. "బాబూ, ఫిలిం బాగానే ఉంటాది. నిన్న రాడ్లు వేడి పెట్టెలోంచి తీసి చాలాసేపు బయట ఉంచేశారు. చెమ్మ తగిలింది. రెండ్రోజులాగి మళ్లీ చూడండి" అన్నాడు.

జీడిపిక్కలు ఎండబెట్టకుండా బస్తాకెత్తితే ఏమవుతుందో పలాస వాళ్లకి చెప్పనక్కర్లేదు. వెల్డింగ్ రాడ్లదీ అదే గుణం. వాటి పూతలో చెమ్మ చేరితే అందులోని హైడ్రోజన్ కరిగిన ఉక్కులోకి పోతుంది. గట్టి ఉక్కులో అది వెంటనే బయటపడదు. గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత పగులు తెస్తుంది. నాకు చదువులో అది తెలుసు. పైనుంచి మాత్రం తొందర ఉంది, జలప్రవేశం తేదీ ఖాయమైపోయింది. ఆ మాటే అన్నాను. "నీళ్లకి తేదీ తెలీదు బాబూ" అన్నాడాయన. ఆగాను. మూడో రోజు అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే వెంట్రుకంత పగులు కనిపించింది. అంత మేరా చెక్కించి మళ్లీ వేయించాం. తన పనిలో తప్పుండొచ్చని తనే వచ్చి చెప్పిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాత కొన్నాళ్లకి ఆర్డర్లు తగ్గాయి. చేతిలో పని లేక ఆయన గల్ఫ్‌కి వెళ్లిపోయాడు. ఆయన విద్య ఒక్క కుర్రాడికైనా నేర్పించే ఏర్పాటు చేయమని నేను ఎవర్నీ అడగలేదు. ఈ సభలో ఒప్పుకోవలసిన తప్పు అది.

ఒక మనిషి విషయంలో జరిగిందే దేశానికీ జరిగింది. సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న మన మొదటి జలాంతర్గామి కల్వరి 1967లో నౌకాదళంలో చేరింది. దాని తోటిదే విశాఖ బీచ్‌లో మనమంతా పిల్లల్ని తీసుకెళ్లి చూపించే కురుసుర. కొనుక్కున్నవవి. పైన తిరిగే యుద్ధనౌకల్లో మన నమూనా కూడా మొదలైంది. 1983లో నౌకాదళంలో చేరిన గోదావరి మనవాళ్లు రూపకల్పన చేసి కట్టినది. సోవియట్ క్షిపణుల్నీ, పాశ్చాత్య దేశాల పరికరాల్నీ ఒకే ఓడలో ఇమిడ్చారు. జలాంతర్గాముల కోసం 1981లో జర్మనీతో ఒప్పందం కుదిరింది. రెండు అక్కడ, రెండు ముంబయిలో కట్టారు. ముంబయివి రెండూ, శల్కి 1992లో, శంకుల్ 1994లో చేరాయి. అంతటితో ఆ వరుస ఆగిపోయింది. నేర్చుకున్న చేతులకి పని లేకుండా పోయింది. 1999లో ముప్ఫై ఏళ్లలో 24 జలాంతర్గాములు కట్టాలని పథకం వేశారు. ఫ్రెంచి నమూనాతో ఆరింటికి ఒప్పందం 2005లో గాని కుదరలేదు. ఆ వరుసలో మొదటిదైన కొత్త కల్వరి 2017 డిసెంబరులో చేరింది. శంకుల్‌కీ దానికీ మధ్య 23 ఏళ్లు. చివరిదైన వాగ్షీర్ 2025 జనవరిలో వచ్చింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని ఒక్క రాత్రిలో పడగొట్టింది. ఎంత డబ్బిచ్చినా పెట్టిన మొక్క మర్నాడు కాయదు కదా. ఓడలు కట్టే విద్య కూడా అంతే. ఎంపిక చేసేవాళ్లు ఒక ఓడ పూర్తయ్యేలోగా తర్వాతి ఓడ ఆర్డరు ఇవ్వాలి. ఏది కొనాలి, ఏది కట్టాలి అన్న చర్చలో క్షిపణుల పేర్లు వినిపిస్తాయి గాని, ఈ మాట వినిపించదు.

మన పక్కనున్న విశాఖనే చూడండి. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ జల ఉషని 1948 మార్చి 14న నెహ్రూ గారు అక్కడే నీట దించారు. అదే హిందుస్థాన్ షిప్‌యార్డుకి 2006లో మరమ్మతుకి వచ్చిన సింధుకీర్తి జలాంతర్గామి 2015లో గాని తిరిగి వెళ్లలేదు. 2025 జులైలో అదే యార్డు కట్టిన నిస్తార్ నౌకాదళంలో చేరింది. ప్రమాదంలో చిక్కిన జలాంతర్గామి నుంచి మనుషుల్ని కాపాడే పనికి తోడ్పడే ఓడ అది. అంటే పోయిన చెయ్యి తిరిగి వస్తుంది, సమయం పడుతుంది. అణు జలాంతర్గామి అరిహంత్ కూడా విశాఖలోనే పుట్టింది. 2009 జులై 26న కొబ్బరికాయ కొట్టి నీట దించారు. ఆ కాయ మన ఉద్దానందే అయ్యుంటుందని నా నమ్మకం, ఆధారం మాత్రం అడక్కండి. విక్రాంత్ విమానవాహక నౌకకి వాడిన ప్రత్యేకమైన ఉక్కుని హైదరాబాదు రక్షణ లోహ పరిశోధనాశాల రూపొందించింది. నమూనా, ఉక్కు, చెయ్యి: ఈ మూడూ మన దగ్గర ఉన్నప్పుడే ఓడ మనది.

మూడోదాని గురించే నా విన్నపం. టెక్కలి పక్కన మూలపేటలో ఓడరేవు కడుతున్నారు. మన కుర్రాళ్లేమో వెల్డింగ్ పనికి ఎక్కడెక్కడికో వెళ్తున్నారు. చాలామందికి పని వచ్చు, అర్హత కాగితం లేదు. అది లేక సగం కూలికి చేస్తున్నారు. సంఘం నిధి మీద వచ్చే వడ్డీతో ఏటా మన బడి పిల్లలు ఇద్దరికి ఐ.టి.ఐ. చదువు, వెల్డర్ అర్హత పరీక్ష ఖర్చు మనం భరిద్దాం. మొదటి ఇద్దరి ఖర్చు నాది. ఏటా ఒక వారం వచ్చి, ఫిలిం చదవడం, అతుకు పరీక్షించడం నేనే చెబుతాను.

భావనపాడులో పడవ కుట్టిన ఆ ముసలివాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఒడ్డునిండా ఫైబర్ బోట్లున్నాయి, మంచిదే. కాని ఆ కుట్టు ఎలా వేసేవారో చూపించమంటే నాకు చేతకాదు. పక్కనే కూర్చుని చూశాను, నేర్చుకోలేదు. మన బడి నుంచి వెళ్లే పిల్లల దగ్గర మళ్లీ అలా జరగకూడదు.