పాత కరెంటు రైలుపెట్టెకు పూర్వరూపం
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. నయాగరా గురించి, అక్కడి గుళ్ల గురించి మన సభ్యులు ఇదివరకే చాలామంది చెప్పారు. కనుక ఇల్లినాయ్ రాష్ట్రంలో యూనియన్ అనే చిన్న ఊళ్లో ఉన్న రైల్వే మ్యూజియం గురించి మాత్రం మనవి చేస్తాను. మా అబ్బాయి ఒక పూట చాలన్నాడు. నేను మూడుసార్లు వెళ్లాను.

1953లో పదిమంది రైలు అభిమానులు తలా వంద డాలర్లు వేసుకుని, ఇండియానా రైల్‌రోడ్ వారి 65వ నంబరు ఎలక్ట్రిక్ పెట్టె తుక్కుకు పోకుండా కొన్నారు. ఆ మ్యూజియానికి అదే పునాది. ఒకప్పుడు అక్కడ ఊరికీ ఊరికీ నడుమ ఇటువంటి కరెంటు బళ్లు తిరిగేవి. మోటారు కార్లు పెరిగాక ఒక్కొక్క లైనే మూతబడింది. చికాగో, అరోరా, ఎల్జిన్ ఊళ్ల లైను అయితే 1957 జూలై 3న పట్టపగలు ఆగిపోయింది. పొద్దున దానిమీద ఆఫీసుకు వచ్చినవాళ్లకు సాయంత్రం ఇంటికి పోయే బండి లేదు!

పాత పెట్టెను బాగుచేయడమంటే తుప్పు గీకి, రంగు కొట్టడమే కదా అనుకుంటాం. అసలు చిక్కు వేరే. ఆ 65వ నంబరు పెట్టె 1931లో తయారైంది. 1941లో అయోవా రాష్ట్రంలోని మరో కంపెనీకి అమ్ముడుపోయి అక్కడ ఇంకో పన్నెండేళ్లు నడిచింది. మరి దాన్ని ఏ సంవత్సరపు రూపానికి తేవాలి? మన సర్వీసు రిజిస్టరులాగే పెట్టెకూ చేరిన తేదీ, బదిలీలు, మార్పులు ఉంటాయి. 1931 నాటి రంగు వేసి, 1945లో తగిలించిన దీపం ఉంచితే అటువంటి బండి ఏనాడూ లోకంలో తిరగలేదన్నమాట. ఒక్క సంవత్సరం నిర్ణయించుకుని, ప్రతి వస్తువూ దానికి సరిపోయేట్టు చూడాలి.

రంగు కనిపెట్టే విధానం నాకు చాలా నచ్చింది. పైపూతను మెల్లగా అరగదీస్తూ పోతే ఉల్లిపొరల్లాగ ఒకదాని కింద ఒకటి వలయాలు వలయాలుగా రంగులు బయటపడతాయి. ఎండ తగిలినచోట రంగు వెలిసిపోతుంది గనుక ఇత్తడి పిడి విప్పి, దాని వెనక చూస్తారు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి మూతికి మాస్కు తప్పదు. పాత చెక్క పెట్టెల పైకప్పుకు కాన్వాసు గుడ్డ బిగించి, దానిమీద రంగు పట్టించేవారు. సీట్లు కొన్నిటికి పేము అల్లిక. కరెంటు 600 వోల్టులు. బల్బులు అయిదేసి వరుసగా కలిపి ఉంటాయి. ఒకటి మాడితే అయిదూ ఆరిపోతాయి, మన పెళ్లిపందిట్లో సీరియల్ సెట్టులాగ.

ప్లస్ గాటు స్క్రూలు 1930ల నడుమగానీ వాడుకలోకి రాలేదు. అంతకు ముందటి పెట్టెలో అది కనబడితే తరవాతెవరో బిగించారని అర్థం. అక్కడ జీతం లేకుండా పనిచేసే ఒక పెద్దాయన, నా ఈడువాడే, పాత డబ్బాలు వెతికి ఒంటిగాటు స్క్రూలు ఏరుతున్నాడు. మా ఆవిడ పక్కనుంచి "ఎవరు చూస్తారండీ స్క్రూ తలకాయ!" అంది. చూసేవాడు ఒక్కడున్నా చాలునని నా అభిప్రాయం. అయితే కరెంటు తీగెల విషయంలో నాకీ పట్టుదల లేదు. పాత తీగెల రబ్బరు తొడుగు పెళుసుబారి రాలిపోతుంది. జనాన్ని ఎక్కించుకునే బండికి కొత్త తీగెలే వేయాలి. కంటికి కనబడేది పాతది, ప్రాణం కాపాడేది కొత్తది.

ఫొటోలు, నక్షాలు చెప్పలేనివి కొన్ని ఉంటాయి. కండక్టరు సంచీ ఎక్కడ తగిలించేవాడు, చలికాలంలో కిటికీ సందులో ఏమి కుక్కేవారు. ఇవి ఆ బండిలో పనిచేసినవాడికే తెలుసు. 1963 జనవరిలో ఆగిపోయిన నార్త్ షోర్ లైనులో ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇప్పుడు ఎనభై దాటాయి.

మన సంగతి చూడండి. మద్రాసు బీచి నుంచి తాంబరానికి 1931లో మొదలైన మీటరుగేజి కరెంటు బండి 2004లో పోయింది. 1974లో నేను దానిమీద నెలరోజులు తిరిగాను. బండి కదిలేటప్పటి చప్పుడు తప్ప నాకేమీ గుర్తులేదు. సభలో ఎవరికైనా ఆ సీట్ల రంగు తెలిస్తే దయచేసి చెప్పండి.

అలాగే 1984లో కరణాల పదవులు రద్దయ్యాయి. అంతకుముందు జమాబందీ రోజున లెక్కలు ఎలా పరిచేవారో, అడంగల్‌లో ఏ సిరా వాడేవారో తెలిసినవారు ఈ హాలులో పదిమందికి మించరు. నా మనవి ఒక్కటే: ఆ పదిమందీ తలా ఒక పేజీ రాసి సంపాదకులవారికి పంపండి. పెద్ద సంగతులు వద్దు, గెజెట్లలో ఉన్నాయి. దస్త్రం ఏ గుడ్డలో కట్టేవారో, ముడి ఎటువైపు వేసేవారో అదే రాయండి.