యోధుడా, ఆటగాడా?



మన పొరుగున వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2018లో, పద్నాలుగేళ్లకే చెస్‌లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024లో 2800 రేటింగ్ దాటాడు. మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత అంత ఎత్తుకు వెళ్లింది అతనే. ఇలాంటివాళ్లను మనం యోధులని పొగుడుతాం. ఆ మాట ఊరికే రాలేదు. చతురంగమంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, బంట్లు ఉన్న సేన. మన షత్రంజ్ అన్న పేరూ దాన్నుంచి వచ్చిందే.

అయినా ఆ పోలిక నాకు సగమే నచ్చుతుంది. యుద్ధంలో పడ్డవాడు మళ్లీ లేవడు. చెస్‌లో ఓడినవాడు చేయి కలుపుతాడు. ఎక్కడ తప్పాడో గెలిచినవాడితోనే కూర్చుని చూసుకుంటాడు. రేపు మళ్లీ ఆడతాడు.

మన పిల్లల్లో కొందరి తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. పరీక్ష తప్పిన పిల్లవాడితో "నువ్వు యోధుడివి, ఓడొద్దు" అంటే మార్కుల కాగితం దాచేస్తాడు. "ఏ ఎత్తు తప్పిందో చూద్దాం రా బేటా" అంటే పుస్తకం తెరుస్తాడు.

దాతలకు నా మనవి ఒక్కటే. ఫస్టు వచ్చినవాడికి బహుమతి ఇవ్వండి. తప్పినవాడికి ఇంకో ఏడాది ఫీజు కూడా కట్టండి.