ఎడమచేతివాటము



ఎడమచేతను బాణము వేయఁగలవాఁడు గావున అర్జునుని సవ్యసాచి యందుము. ఆ బిరుదమును కొనియాడు మనమే, ఎడమచేత బలపము పట్టిన పసివానిని దండింతుము. బడిపంతులనై నేనును దండించితిని. నా బెత్తమునకు వెఱచి యొక బాలుఁడు బడియే మానెను.

హంగేరీ సైనికుఁడు కారోయ్ టకాచ్ పిస్తోలు కాల్చుటలో నేర్పరి. 1938లో చేతిబాంబు ప్రేలి యాతని కుడిచేయి ఛిద్రమయ్యెను. ఆతఁడు ఎడమచేత నభ్యసించి, 1948లో లండనునందును, 1952లో హెల్సింకీయందును ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచెను.

ఇది సులభమైన పని కాదు. పిస్తోలు సాధారణముగా కుడిచేతివానికొఱకే చేయఁబడును. పందెపు పిస్తోలు కఱ్ఱపిడిని కుడి యఱచేతి యొంపులకు సరిపోవునట్లు చెక్కుదురు. అది యెడమచేత నిమడదు. తూటా ప్రేలకుండ నాఁపు మీట పెక్కింట నెడమప్రక్కన, కుడి బొటనవ్రేలి కందుచోట నుండును. ఎడమచేతివానికొఱకు పిడిని అద్దములోని ప్రతిబింబమువలె తిరుగవేసి చెక్కవలెను. మీటను రెండు ప్రక్కల నమర్పవలెను. నేఁ డట్టి పిస్తోళ్లు పెక్కు లభించుచున్నవి.

మన కమ్మరియు అడిగినచో కొడవలి పండ్లను రెండవవైపునఁ దీసి యీయఁగలఁడు.

భోజనమునకును దానమునకును కుడిచేయి మన యాచారము. అది యట్లే యుండనిండు. వ్రాఁతకును పనికిని బాలుని చేయి యెటు పోవునో యటు పోనిండు. పనిముట్టును వాని చేతికి తగునట్లు మార్పింపుఁడు. ఆ బాలునకు నేను చేయనిది మీ మనుమలకు మీరు చేయుఁడు.